రెండో చుక్క కనబడేదాకా

మా మేనత్త పోయిన సంగతి నాకు ముసురులో తెలిసింది. పటాన్‌చెరు బస్టాండు దగ్గర ఆటో కోసం నిలబడి, పరీక్ష మళ్లీ వాయిదా పడిందేమోనని ఫోన్‌లో వెతుకుతున్నాను. నాన్న ఫోన్ చేసి, "అత్త లేదు బిడ్డా, ఇంటికి రా" అన్నాడు. పొద్దున చాయ్ తాగి గోడకు ఒరిగి కూర్చున్న మనిషి అట్లాగే వెళ్లిపోయిందట. ఆ మాట విన్నాక కూడా నా వేలు ఫోన్ మీద వార్తలను కిందికి జరుపుతూనే ఉంది.

అత్త నాన్నకు అక్క. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చి, నాన్నతో పాటు మా కిరాణా దుకాణంలో కూర్చుంది. పేపరు చదివేది కానీ, ఏనాడూ ఆనాటిది కాదు. పొట్లాలు కట్టడానికి కొన్న పాత కాగితాలే ఆమె పేపరు. ఎండాకాలంలో వరదల ముచ్చట, వానాకాలంలో వడదెబ్బ ముచ్చట. గిరాకీ నిలబడి ఉండగానే శెనగపప్పు కాగితం తిప్పి చూసి, "గీ వంతెన నెల దినాలల్ల అయిపోతదని రాసిండ్రు. అయిందా?" అని అడిగేది. నేను నవ్వితే, "తాజా వార్త కాగే నూనె లెక్క బిడ్డా. చల్లారినంక ముట్టాలె" అనేది.

నా బతుకేమో ఆ కాగే నూనెలోనే. డిగ్రీ అయ్యాక సర్కారు కొలువు పరీక్షకు చదువుతున్నాను. ప్రకటన వచ్చిందని ఒకరోజు, కోర్టుకెక్కిందని ఇంకోరోజు. వార్త వార్తకూ ఉలిక్కిపడి లేచేదాన్ని.

పొద్దుగూకగానే అత్త నన్ను డాబా మీదికి లాక్కుపోయేది. మా పెద్దవాళ్లకు ఒక పట్టింపు ఉంది. ఒంటి చుక్కను చూసి కిందికి దిగకూడదు, రెండోది కనబడేదాకా ఆగాల్సిందే. ఊళ్లల్లో అది రెప్పపాటు పని. మా దగ్గర పొగ, దీపాల వెలుగు, పైగా మబ్బు. మబ్బు పట్టిన నాడు ఫ్యాక్టరీల ఘాటు కూడా కిందికి దిగి గొంతులో కూర్చుంటుంది.

ఒకసారి ఆకలికి ఆగలేక, "అగో అత్తా, రెండోది. నడువు" అన్నాను. ఆమె కళ్లు చిట్లించి చూసి దండం పెట్టుకుంది. మెట్ల దాకా పోయి ఆగింది.

"ఎర్రగున్నదేంది?"

"అంగారకుడు అత్తా."

"అంగారకుడు ఆరుకుంట అంటుకుంటడా? గది కంపెనీ పొగగొట్టం మీది లైటు. దొంగపిల్లా, నాతోని లైటుకు దండం పెట్టిస్తవా."

జడ పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టింది. చుక్క దొరికేసరికి కింద అన్నం చల్లారిపోయింది.

ఈ ఎండాకాలంలో నాన్న విసిగిపోయాడు. తెలిసినవాళ్ల ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ పని ఉంది, చేరమన్నాడు. చేరితే చదువు సాగదని ఇద్దరికీ తెలుసు. దుకాణంలోనే మాట పెరిగింది.

"ఒకసారి రాసింది, పోయింది. ఇంకెన్నేండ్లక్కా?"

అత్త చక్కెర తూస్తూ తలెత్తలేదు. "ఒక్క చుక్క చూసి దిగుతమా తమ్మీ? ఇంకోసారి రాయనియ్యి."

"చుక్కలు అన్నం పెడ్తయా?"

"నీ పెసరపప్పు పెడ్తది గద. ముందుగాల దాన్ని అమ్ము."

ఆమె ఉన్నంతకాలం నాన్న ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కర్మలు అయిన మర్నాడు ఎత్తాడు. "ఒకటో తారీఖు నుంచి పనికి పోదువు" అన్నాడు, నా మొహం చూడకుండా. అప్పటికి పరీక్ష తేదీ ఖాయమైంది. నా తరఫున మాట్లాడే మనిషే లేదు. ముసురు విడవలేదు. చదువుదామని కూర్చుంటే అక్షరాలు నిలవలేదు. డాబా ఎక్కబుద్ధి కాక వెళ్లి దుకాణంలో కూర్చున్నాను.

అక్కడ తెలిసింది అత్త చేసిన పని. ఇంద్రేశం నుంచి సరుకులకు వచ్చే ఆమె నాన్నను పలకరించి, "అక్క ఎవ్వరితోని చేయించుకోకుండ పోయింది. మంచి చావు. ఇగ మీ బిడ్డ పరీక్ష ఎప్పుడంట?" అంది. బీడీల కోసం వచ్చిన ముసలాయన అదే అడిగాడు. తెలుగు సరిగా రాని బిహారు కార్మికుడు కూడా, "దీదీ కా ఎగ్జామ్ అయిందా సేఠ్?" అన్నాడు. ఏ తాజా వార్తనూ నమ్మని మనిషి, నా వార్తను మాత్రం పొట్లం పొట్లానికీ పంచిపెట్టింది.

నాన్న మొదట్లో "సూద్దాం" అన్నాడు. ఒకటో తారీఖు వచ్చి పోయింది, నన్ను పనికి పొమ్మనలేదు. తర్వాత అడిగినవాళ్లకు "ఆదివారం" అని చెప్పసాగాడు. శనివారం దుకాణం మూస్తూ నాతో అన్నాడు: "పొద్దుగాల్నే తయారుగుండు. సంగారెడ్డికి బండి మీద పోదాం."

పరీక్ష కేంద్రం గేటు దగ్గర బూట్లు, కమ్మలు లోపలికి వద్దన్నారు. తీసి నాన్న చేతిలో పెట్టాను.

"అక్క ఉంటే ఏదన్న ఒకటి అనేది. నాకు రాదు" అన్నాడు. "పో."

నాకు కిటికీ పక్కన చోటు దొరికింది. మబ్బుకు గదంతా చీకటైతే పొద్దున్నే లైట్లు వేశారు. ప్రశ్నపత్రం చేతికొచ్చేలోపు బయటికి చూశాను. వాన అందుకుంది. తోడు వచ్చినవాళ్లంతా ఎదుటి చాయ్ దుకాణం కిందికి ఉరుకుతున్నారు. నాన్న మాత్రం గేటు ముందే నిలబడి ఉన్నాడు, నా బూట్లను అంగీ లోపల దాచుకుని, కమ్మలున్న పిడికిలిని విప్పకుండా.