నీళ్లక్క తడపని స్తంభం

ఆ భవనం లేచినన్నాళ్లూ ఆమె అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. అందరికీ నీళ్లక్కే. కొత్త స్తంభాలకు గోనెపట్టాలు చుట్టి, అవి ఆరకుండా పూటపూటకూ నీళ్లు పట్టడం ఆమె పని. వేళకు తడపకపోతే కాంక్రీటుకు బలం రాదని మేస్త్రీ చెవినిల్లు కట్టుకుని పోరేవాడు.

ఏడో అంతస్తు పోసిన వారమే మోటారు కాలిపోయింది. కిందినుంచి బిందెలు మోయడం ఎవరి తరం? మోకాళ్లు మొరాయించాయి. సూపర్వైజరా, మెట్లెక్కడు, కిందినుంచి గోనెలు తడిగా కనిపిస్తే చాలు మహానుభావుడికి. ఆమె మూల స్తంభం మీద చెంబెడు నీళ్లు చిలకరించి, "అయ్యిందయ్యా!" అని కేకేసింది. వారమంతా అదే తంతు. ఈమాత్రానికే కొంప మునుగుతుందా అనుకుంది.

ఆ కొంప కూతురిదే అవుతుందని కలగన్నదా, పాపం! అద్దెకివ్వడం మొదలవగానే అల్లుడు ఏరికోరి ఏడో అంతస్తులోనే దిగాడు.

"నువ్వు కట్టిన ఇల్లేనమ్మా!" అంటూ కూతురు తిప్పి చూపించింది. హాల్లో ఆ మూల స్తంభం, పక్కనే మనవరాలి ఉయ్యాల. నీళ్లక్క కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఈ ఇల్లు వద్దే తల్లీ. దీనికి నేను సరిగ్గా నీళ్లు పట్టలేదు."

అల్లుడు పడీపడీ నవ్వాడు. "నీళ్లు లేకపోతే మొక్క చస్తుందిగానీ స్తంభం చస్తుందా అత్తయ్యా?"

పై అంతస్తులు నిండసాగాయి. బీరువాలు, మంచాలు ఎక్కుతూనే ఉన్నాయి. ఓ మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే ఆమె తడిగుడ్డతో స్తంభం తుడిచింది. చుట్టూ ఆరినా పగుల్లో చెమ్మ నిలుస్తుందని ఆమెకు తెలుసు. ఫ్యాను గాలికి స్తంభమంతా ఆరింది. ఒక్క గీత ఆరలేదు. కప్పు దగ్గర మొదలై ఉయ్యాల దాకా దిగి ఉంది.

పిల్లను చంకనేసుకుని మెట్లు దిగి, రోడ్డు దాటి అవతలి అరుగు మీద కూలబడింది.

"నీకేమైనా పిచ్చా అమ్మా?" బాల్కనీలోంచి కూతురు అరిచింది.

"పిచ్చే! పిల్ల కావాలంటే ఇద్దరూ దిగి రండి!"

తిట్టుకుంటూ పరుగున వచ్చారు. కూతురి ముఖం తడిమి చూసుకుని, బతికించావురా దేవుడా అనుకుంది. అప్పుడు తలెత్తింది. ప్రతి బాల్కనీలోనూ పసిపిల్లల బట్టలు ఆరుతున్నాయి. గేటు దగ్గర ఎవరిదో కొత్త సామాను దించుతున్నారు.

కన్నకూతురే నమ్మలేదు, ఊళ్లోవాళ్లు నమ్ముతారా? పిల్లను తల్లి చేతిలో పెట్టి, నీళ్లక్క ఒక్కో తలుపూ తట్టడానికి మళ్లీ రోడ్డు దాటింది.