కష్టపడి పాడుచేసుకున్న బాప్తిస్మం

మావాళ్ళు చెప్పేది నమ్మకండి. నకరికల్లు దగ్గర సాగర్ కాలవలో నా బాప్తిస్మం రోజున, నాలోని దయ్యం పాస్టరు గారిని నీళ్ళలోకి లాగిందని ముప్పై ఏళ్ళకు పైగా చెప్పుకుంటున్నారు. దయ్యానికి అంత తీరికెక్కడిది? ఆ ఘోరం మొత్తం నా సొంత కష్టం.

ఎనభైల్లో నేను నరసరావుపేటలో బి.ఏ. చదువుతున్నాను. రాత్రింబవళ్ళు బట్టీపట్టి ఫస్టుక్లాసు తెచ్చుకునే రకం. బాప్తిస్మానికి ముందు పాస్టరు అయ్యగారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

"నువ్వేం చెయ్యక్కర్లేదమ్మా. నా చేతుల మీదికి వాలిపో. ముంచేదీ లేపేదీ నేను."

"ఏం చెయ్యకుండా రక్షణ ఎట్టా వచ్చిద్ది అయ్యగారూ?"

"అదే కృపంటే."

"కృపకైనా కాస్త అర్హత ఉండొద్దా?"

"అర్హతుంటే దాన్ని జీతమంటారు తల్లీ."

మాట బాగుంది గానీ నాకు దిగలేదు. మీరే చెప్పండి, ఏమీ చెయ్యకుండా మనిషికి వచ్చేది జలుబొక్కటే కదా. అందుకని వారం రోజులు పెరట్లో నీళ్ళ గాబులో తల ముంచి, ఊపిరి బిగబట్టడం సాధన చేశాను. పక్కింటి మరియమ్మత్త గోడ మీదుగా చూసింది.

"ఏమే, అయ్యి గేదెలు తాగే నీళ్ళు. ఏంది నీ పని?"

"రక్షణకి తయారవుతున్నా అత్తా."

"మునిగేదానికి కూడా ట్యూషనా?"

ఆదివారం రానే వచ్చింది. మర్నాడు కాలవ కట్టేస్తున్నారు. ఇవాళ తప్పితే మళ్ళీ నీళ్ళు వదిలేదాకా నాకు బాప్తిస్మం లేదు, గుళ్ళో ప్రభువు బల్ల దగ్గర రొట్టే ద్రాక్షరసమూ లేవు. గట్టు మీద సంఘమంతా పాడుతోంది. నడుంలోతు నీళ్ళలో అయ్యగారు నా వీపు కింద చెయ్యి పెట్టారు. వాలితే అయిపోయేది. నేను తాటి దూలంలా బిగుసుకుని, ముక్కు మూసుకుని, ఆయన ఇంకా నోరు తెరవకముందే నా అంతట నేనే మునిగాను. పట్టు కోసం ఆయన అంగీ అందుకున్నాను. అసలే బక్క మనిషి, అమాంతం నా మీద పడ్డారు. కళ్ళజోడు ఒంగోలు వైపు ప్రయాణం కట్టింది.

పాట ఆగింది. మరియమ్మత్త గొంతు ఖంగున మోగింది. "అయ్యగారికే ఇచ్చేసిందే బాప్తిస్మం."

కాళ్ళ కింద ఇసుక జారింది. వారం రోజుల సాధన రెండు గుక్కల్లో ఖర్చయింది. ఎంత తన్నుకుంటే అంత లోపలికి పోతున్నాను.

"చేతులాడించబాక, వదిలెయ్యమ్మా" అని అప్పటికే లేచి నిలబడ్డ అయ్యగారి కేక.

ఇక ఓపిక లేక వదిలేశాను. వీపు కింద మళ్ళీ ఆ చెయ్యి తగిలింది. ఆయన దగ్గుతూనే చెప్పవలసిన మాటలన్నీ చెప్పి, మెల్లగా ముంచి, పసిపిల్లను లేపినట్టు లేపారు.

"ఇప్పుడేం చేశావమ్మా?"

"ఏం చెయ్యలేదండి."

"ఇప్పుడయింది."

తడిచీరతో గట్టు మీదే ప్రమాణం చేశాను: దేవుడి పనిలో వేలు పెట్టను, గేదెల గాబులో తల పెట్టను. ఇంతవరకూ తప్పలేదు. ఒక్క సందేహం మాత్రం తీరలేదు. మీరే చెప్పండి. ఆ రోజు చేతులు వదిలేసింది నేనే కదా, మరి ఆ వదిలెయ్యడం నా ప్రయత్నమా, అదీ కృపేనా?