గుట్ట వైపు వేసిన కుర్చీ

మా తమ్ముడి భార్య పోయిందని పోయిన వారం తెల్లవారుతూనే ఫోన్ వచ్చింది. మందమర్రిలో బస్సెక్కి గోదావరిఖని చేరేసరికి వాకిట్లో చర్చి సంఘం వాళ్లు పాడుతున్నారు. "నిద్రలనే పోయిందక్కా" అన్నాడు తమ్ముడు. ప్రార్థన చేసి, డాబా వైపు చూశాను.

లాక్‌డౌన్ పెట్టినప్పుడు అమ్మ తమ్ముడింట్లో ఉంది. నా దగ్గరికి రావాల్సిన రోజులవి. గోదావరి వంతెన మీద పోలీసులు ఎవరినీ దాటనివ్వలేదు. లారీలు తగ్గాయి, బొగ్గు దుమ్ము అణిగింది. ఒకరోజు ఫోన్‌లో అమ్మ కేక.

"బిడ్డా, డాబా మీదికెల్లి గుట్ట కనవడ్తున్నదే! మా అవ్వగారి ఊరి గుట్ట!"

అమ్మ పుట్టింది రామగిరి గుట్ట కింద. కాపురమంతా గోదావరిఖనిలోనే చేసినా, ఇక్కడి నుంచి ఆ గుట్టను ఎన్నడూ చూడలేదు.

"మోకాళ్ల నొప్పులతోని డాబా ఎట్లెక్కినవే?"

"కోడలు వీపు మీద ఎక్కించుకున్నది. చిన్నపోరి లెక్క ఊగుకుంట వచ్చిన."

వెనక మరదలి నవ్వు. "మీ అమ్మ బరువేం లేదు వదినా. నోరొక్కటే బరువు!"

పెద్ద కూతుర్ని నేను. ఆ వీపు నాది కావాల్సింది. ఆ రోజు నుంచి నా ప్రార్థనలో మరదలి పేరు అందరికంటే చివరికి జరిగింది. దేవుడు గమనించే ఉంటాడు.

దారులు తెరవగానే వెళ్లాను. మరదలు నన్ను డాబా మీద కుర్చీలో కూర్చోబెట్టింది. "అగో, నీళ్ల ట్యాంకు పక్కకు చూడుండ్రి." బూడిదరంగు తప్ప ఏమీ లేదు. లారీలు మళ్లీ తిరుగుతున్నాయి.

కింద మంచంలో ఉన్న అమ్మకు చెప్తే, "నిన్ను చూసి దాక్కున్నది" అంది. అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆ నవ్వులో నాకు చోటు లేదు.

అమ్మ పోయాక కూడా, వాన వెలిస్తే మరదలు ఫోన్ చేసేది. "వదినా, ఇయ్యాల జర కనవడ్తున్నది. జల్ది రాండ్రి." నేను చేరేసరికి మసకే. చాయ్ పెట్టిచ్చి, అమ్మ ఆ గుట్ట మీద సీతాఫలాలు ఏరుకున్న సంగతులు చెప్పేది. అమ్మ నాకెన్నడూ చెప్పని సంగతులు. కడుపు మండేది. అయినా ఇంకోటి చెప్పమని అడిగేదాన్ని. అడిగినప్పుడల్లా చెప్పింది. దాచుకోలేదు.

మట్టి చేసి వచ్చాక డాబా ఎక్కాను. కుర్చీ అక్కడే, అటు వైపే ఉంది. కూర్చున్నాను. ట్యాంకు పక్కన దుమ్ము. వాళ్లిద్దరూ చూశారు, నేను చూడలేదు. కళ్లు మూసుకుంటే మరదలి పేరే ముందు వచ్చింది. మా సంఘంలో పోయినవాళ్ల కోసం దేవుణ్ణి ఏమీ అడగం. ఆమెను ఇచ్చినందుకు స్తోత్రం మాత్రం చెప్పాను.

లేచి, కుర్చీ మీది నల్లదుమ్మును తెల్లచీర కొంగుతో తుడిచాను. కుర్చీని మాత్రం కదపలేదు.