మేడం పీకనివ్వని గడ్డి

రాజాం డిగ్రీ కాలేజీలో మాకు బోటనీ చెప్పిన మేడం జూన్‌లో పోయారు. కబురు బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కింద అందరూ దండం బొమ్మలే పెట్టారు. ఒకే రకం ఇంత ఒత్తుగా మొలిస్తే మేడం ఊరుకునేవారు కాదు, ఎందుకని అడిగేవారు.

ఆవిడ బాప్టిస్టు చర్చి మనిషి. ఏటా ఈస్టరు ముందు చర్చి వాళ్లంతా సమాధుల తోటకి వెళ్లి గడ్డి పీకి, సున్నాలు వేస్తారు. మేడం మాత్రం తన భర్త సమాధి మీద ఎవరినీ చెయ్యి వేయనిచ్చేవారు కాదు. మట్టి సమాధి అది. దాని పక్కనే కూర్చోబెట్టి మాకు పాఠం చెప్పేవారు. పరలోక ప్రాప్తుల సమక్షంలో ఇంటర్నల్ మార్కులు సంపాదించిన బ్యాచ్ మాది.

ఆవిడ సందేహం ఒక్కటే. గడ్డిచామంతి అన్నేసి గింజలు రాలుస్తుంది కదా, సమాధి మీద చోటంతా ఆక్రమించదేం? తుమ్మి, నేల ఉసిరి ఎలా బతుకుతున్నాయి? మేం నోళ్లు తెరుచుకు చూస్తే ఆవిడే చెప్పేవారు.

"ఒకే జాతి మొక్కలకి ఒకే లోతున నీళ్లు కావాల, ఒకే పురుగు పడతాది. గుంపు పెరిగితే పక్కోడి కన్నా సొంతోడే ఎక్కువ నొక్కేస్తాడురా. ఆ సందులోనే వేరేవోడు బతుకుతాడు."

మరి వయ్యారిభామ కలుపు ఊరంతా కమ్మేసిందే అన్నాను.

"అది మాట వినదు. అందుకే ఎప్పటికప్పుడు సూడాల."

డిగ్రీ అయ్యాక మేమంతా డీఎస్సీకని ఒకే కోచింగులో చేరినప్పుడు ఆ పాఠం ఒంటబట్టింది. కోచింగు మానేసి పెళ్లి ఫొటోలు తీసే పనికి పోయినవాడొక్కడే పచ్చగా ఉన్నాడు.

తన సమాధి మీద కూడా గడ్డి పీకొద్దని, ఏం మొలుస్తుందో చూడమని పోయే ముందు ఆసుపత్రిలో మేడం మాకు చెప్పారు. ఈలోగా వాళ్ల అన్నయ్యగారు సమాధికి టైల్స్ కొనేశారు. జ్ఞాపకార్థ కూడికలో నన్ను నిలదీశారు.

"గడ్డి మొలిపిస్తారేటిరా? మా సెల్లికి దిక్కు లేదనుకోరేటి ఊరోళ్లు?"

ఏదో జోకు నోటిదాకా వచ్చింది. ఆయన కళ్లు చూసి మింగేశాను.

"మేడం సూడమన్నారండి. మూసేస్తే ఏటి సూస్తాం?"

ఆయన టైల్స్ చుట్టూ అంచుకే వేయించి, నడిమి మట్టి వదిలేశారు.

మొన్న వాన వెలిశాక మేడం సమాధి దగ్గరికి వెళ్తే ఆయన అక్కడే గొంతుక్కూర్చుని ఉన్నారు. గడ్డిచామంతి గుంపుగా మొలిచి, నడిమి మొలకలు పాలిపోయి వాలిపోయాయి. ఆ ఖాళీలో ఒక మొలక, రెండే ఆకులు, వేరే రకం. దాని మీద తన నీడ పడుతోందని ఆయన కాస్త పక్కకి జరిగారు.

"ఇదేటిరా?"

నాకూ తెలియలేదు. ఇద్దరం వంగి చూస్తూ ఉండిపోయాం.