చల్లారిన డబ్బా

“...పొగలు పోతుంటే చల్లగుందంటవేంది? నీ చెయ్యి గిట్ల సచ్చిందా?”

భార్య సక్కుబాయి గొంతు గోడ అవతలి కిరాయివాళ్లకూ వినిపించే ఉంటుంది. లింగమూర్తి చాయ్ గ్లాసును అరచేతిలో పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు.

“మళ్ల వేడి చెయ్యి.”

“మూడోసారి! ఇగ పొయ్యి మీదనే కూసొని తాగు.”

ఏడాదిగా ఇదే వరస. అతని చేతికి స్నానం నీళ్లూ చల్లగానే ఉంటాయి, అన్నమూ చల్లగానే ఉంటుంది.

లింగమూర్తి గచ్చిబౌలిలో ఒక ల్యాబులో అటెండరు. సైనిక అకాడమీకి ఎంపికైన పిల్లలు చేరబోయే ముందు మత్తుమందుల పరీక్షకు అక్కడికి వస్తారు. జేబులు తడిమి బాత్రూంలోకి పంపడం, బయటికి రాగానే మూత్రం డబ్బాను అరచేతిలో పట్టి చూడడం అతని పని. వెచ్చగా ఉంటే సీలు వేస్తాడు. చల్లగా ఉంటే అది వేరే ఎవరిదో దాచి తెచ్చారన్నమాట. కాగితం మీద ‘చల్లగా ఉంది’ అని రాయాలి. ఆ రెండు మాటలు పడితే సీటు పోయినట్టే.

కిందటి జూన్‌లో అలా పరీక్షకు బాలు అనే పిల్లవాడు వచ్చాడు. డబ్బా అందించే వేళకు లింగమూర్తి ఫోను మోగింది.

“నీళ్ల ట్యాంకరొచ్చింది, పైపు యాడ పెట్టినవ్?” అని సక్కుబాయి.

డబ్బాను ఏసీ కింద బల్ల మీద పెట్టించి అతను మెట్ల దాకా వెళ్లాడు. ఆమెకు పైపు దొరికేసరికి పావుగంట పట్టింది. తిరిగొచ్చి, డబ్బా పట్టుకుని, అలవాటుగా ‘చల్లగా ఉంది’ అని రాసేశాడు.

“అంకుల్, ఇందాకనే కదా ఇచ్చిన!”

“అందరు గిట్లనే అంటరు.”

అన్నాకే ట్యాంకరు గుర్తొచ్చింది. రాసినదాన్ని కొట్టేస్తే కారణం రాయాలి. కారణం రాస్తే నౌకరి పోతుంది. కిందనే సంతకం పెట్టాడు.

ఈ పొద్దున అతను ఎక్కిన బైక్ ట్యాక్సీ నడిపింది ఆ బాలూనే. ఆనాడు లింగమూర్తి ముఖానికి మాస్కు ఉంది కాబట్టి పిల్లవాడు గుర్తుపట్టలేదు. గొంతు వినగానే లింగమూర్తి మాత్రం గుర్తుపట్టి, సీటు మీద వెనక్కి జరిగాడు.

“జర గట్టిగ పట్టుకోండి అంకుల్,” అన్నాడు బాలు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తనే చెప్పుకొచ్చాడు. “వయసు అయిపోతున్నది. ఈ నెలాఖరుకు ఇంకొక్కసారి ఫారం నింపొచ్చు. కానీ ఇదివరకు మత్తు పరీక్షల ఆపిండ్రా అని అడుగుతరు. ఏం రాయాల్నో తెలుస్తలేదు.”

దిగేటప్పుడు లింగమూర్తి హెల్మెట్ తిరిగిచ్చాడు. పిల్లవాడి వేళ్లు తగిలాయి. వెచ్చగా ఉన్నాయి.

సక్కుబాయి మళ్లీ కాచిన చాయ్ తెచ్చి చేతికిచ్చింది. “ఇప్పుడన్న తాగుతవా?”

లింగమూర్తి గ్లాసు కింద పెట్టాడు.

“రేపు పొద్దున మేనేజర్‌కు కాగితం రాసిస్త. ఆ పిలగాని డబ్బా నా బల్ల మీదనే చల్లారిందని.”