పిల్లికళ్లకు నేను కట్టిన వంశం

మార్కాపురంలో నా అబద్ధాలకు ఒక మర్యాద ఉంది. పలకలకు చెక్క ఫ్రేములు బిగించే చిన్న షెడ్డు నాది. సాయంత్రం పక్కనున్న టీ బంకు దగ్గర నా అసలు పని మొదలవుతుంది. కంభం చెరువులో దూడంత చేపను పట్టానని, దాన్ని రైలెక్కిస్తే టీసీ టికెట్ అడిగాడని చెప్పినా జనం గ్లాసు దించకుండా వింటారు. నమ్మరు. నమ్మరన్న ధైర్యంతోనే చెబుతుంటాను.

రెండేళ్ల కిందట ఎదురుగా ఉన్న పలకల కార్ఖానాకు కురిచేడు వైపు నుంచి ఒక కొత్త మనిషి వచ్చాడు. రాయి కోసే మిషను దగ్గర పని. పని దిగి బయటికి వచ్చేసరికి అక్కడ అందరిదీ ఒకటే రంగు. తల, మీసం, చొక్కా, అంతా రాతిపొడి. కుళాయి కింద కడుక్కునేదాకా ఎవరు ఎవరో గొంతును బట్టి పోల్చుకోవలసిందే. ఆ పొడిలోంచి ఇతని కళ్లు మాత్రం మెరిసేవి. తేనె రంగు పిల్లికళ్లు.

మా వైపు కొత్త మనిషి చేతికి టీ అందేలోపే కులం ప్రశ్న అందుతుంది.

"ఏమోళ్లు నాయనా మీరు?" అని బంకాయన అడిగాడు.

"పలక కోసేటోళ్లం మామా."

"అది పనిలేబ్బా. మనుషులు ఏమోళ్లు?"

"మనుషులమూ పలక కోసేటోళ్లమే."

జవాబు లేని చోటు కనిపిస్తే నా నాలుక ఊరుకోదు. "నన్నడుగు మామా. ఆ కళ్లు జూడు. వెనకటికి కంభం చెరువు కట్ట కాపలాకు సముద్రం అవతల్నుంచి గుర్రపు సిపాయిలు వచ్చినారు. ఆ గుర్రాలు ఒకపూట నీళ్లు తాగితే చెరువు మూరెడు దిగేది. ఆ సిపాయిల తాలూకు ఈయన."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. "మరి నా గుర్రం ఏమైంది అన్నా?"

"నీళ్లెక్కువై పొట్ట పగిలింది."

చేపను నమ్మని జనం గుర్రాన్ని నమ్మారు. పది రోజులు తిరగకుండానే అతని ముక్కు మన వైపు ముక్కు కాదని కొందరికి తోచింది. నడకలో గుర్రపుస్వారీ కనిపించింది. బట్టల దుకాణం నడిపే నా ముస్లిం నేస్తం ఒకరోజు కొలబద్ద పక్కన పెట్టి అడిగాడు.

"ఏంది భాయ్, అతను మావాడంట గదా? సముద్రం అవతల్నుంచి వచ్చినాడంట?"

"ఊరికే అన్నాలే."

"మా ముత్తాత తర్లుపాడులో శనగ ఏసినోడు. మాకే ల్యా గుర్రం. నువ్వు నవ్వులకు అన్నావు. రేపు మమ్మల్ని గూడ అడుగుతారు, మీరెప్పుడు దిగినారని."

నాకు నవ్వు రాలేదు. అప్పటికే సంగతి గది దాకా పోయింది. అతను అద్దెకున్న ఇంటి పెద్దామె నెలాఖరుకల్లా గది ఖాళీ చేయమంది. అతని భార్యకు ఎనిమిదో నెల. ఈ స్థితిలో వేరే గది దొరకడం కష్టం. పెద్దామె దగ్గరికి పరుగెత్తాను.

"పెద్దమ్మా, అది నేను కట్టిన కత. సిపాయిల్లేరు, గుర్రాల్లేరు."

"నువ్వు పుట్టినకాడ్నుంచి అబద్ధాలే చెప్తివి. ఒక్క నిజం నోరుజారి, దాన్ని గూడ మింగాలని జూస్తాండావా?"

చెడ్డ మనిషి కాదు. వేవిళ్లప్పుడు ఆ పిల్లకు చింతకాయ పచ్చడి చేసిపెట్టింది ఆమే.

"ఏమోళ్లో చెప్పనోళ్లని ఇంట్లో ఎట్ల పెట్టుకుంటాం? ఆ కళ్లు జూస్తేనే తెలుస్తాంది."

అలా అంటున్న ఆమె కళ్లు కూడా తేనె రంగువే. చిన్నప్పటి నుంచీ చూస్తున్న కళ్లు. వాటి రంగు నాకు ఆ రోజే కనిపించింది.

"నీయి గూడ పిల్లికళ్లే గదా పెద్దమ్మా."

"మాయి వేరు. మా అమ్మ తరఫు నుంచి వచ్చినాయి."

తిరిగి వచ్చి అతన్ని బతిమాలాను, ఉన్నదేదో ఒక్కసారి చెప్పెయ్యమని. కుళాయి దగ్గర చేతులు రుద్దుకుంటూ చెప్పాడు.

"మా నాయన ఒకటి, మా అమ్మ ఒకటి. పెండ్లి చేసుకోని ఇద్దరూ ఊరు లేనోళ్లైనారు. ఏది చెప్పినా సగమే నిజం అన్నా. పని చెప్తే మొత్తం నిజం. అందుకే అది చెప్తా."

తర్లుపాడులో ఒక గది ఉందని తెలిసి నేనే ఆటో మాట్లాడాను. ఒక ట్రంకుపెట్టె, గ్యాసు పొయ్యి, వాళ్లిద్దరు, నేను. ఆ ఇంటామె మా కుటుంబాన్ని ఎరుగును. తాళంచెవి కొంగున ఉంచుకునే అడిగింది. "ఏమోళ్లు వీళ్లు?"

అతను నా వైపు చూశాడు.

"మా చిన్నాయన కొడుకు అక్కా. నా తమ్ముడే."

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నాది బోండా ముక్కు, అతనిది కత్తి ముక్కు. నా కళ్లు నలుపు.

"చెప్పాల్నా. ముక్కు జూస్తే తెలియడంల్యా, ఒకటే పోత" అంటూ తాళంచెవి ఇచ్చింది.

సామాను దించాక ఆ పిల్ల గుమ్మం దగ్గర నిలబడింది. పొద్దుటిదాకా నన్ను అన్నా అని పిలిచేది. ఇప్పుడు వరస మార్చి, గొంతు తగ్గించి అడిగింది. "బావా, మీ ఇండ్లల్లో శ్రావణ శుక్రవారం ఎట్ల చేస్తారు? రేపు ఆమె అడిగితే ఏం చెప్పాల?"

నాకు సరిగా తెలియదు. మా ఆవిడనడిగి ఫోన్ చేస్తానన్నాను.

అతను ఆటో దాకా వచ్చాడు. "ఇంక నా గురించి ఎవురికీ ఏం చెప్పొద్దన్నా" అన్నాడు. ఆటో కదలబోతుంటే మళ్లీ కమ్మీ పట్టుకున్నాడు. "పుట్టే బిడ్డ ఏమోళ్లో, అదొక్కటి చెప్పి పో."

నవ్వులకు అంటున్నాడేమోనని ముఖంలోకి చూశాను. ఆ రోజు అతను పనికి పోలేదు. ముఖం మీద పొడి లేదు. నవ్వూ లేదు.