మిషనుకి మన ఆకు చూపించాలి

అరకులోయ మొత్తం మీద అతి తక్కువ ధరకి అతి పనికిరాని మిషను కొన్నవాణ్ణి నేనే. నలభై ఎనిమిది వేలు చెప్పినదాన్ని ముప్పై ఆరు వేలకి దించాను. ఆ కొట్టువాడు చివర్లో తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, మీలాంటి బేరగాణ్ణి ఇంతవరకూ చూడలేదన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో తియ్యగా ఉంది. ఈ వేళ పొద్దున్న రిసార్టు లాన్ మీద ఆకులు పీల్చే మిషను మధ్యలో ఆగిపోతే, క్లిప్పు విప్పి లోపలికి చెయ్యి పెట్టాను. మంచుకి తడిసిన సిల్వర్ ఓక్ ఆకు ముద్ద చేతికొచ్చింది. పెట్రోలు, పచ్చిగడ్డి, నానిన ఆకు కలిసిన వాసన. భుజానికి తగిలించుకునే పట్టీ మీద ముడేసిన ఎర్రదారం మణికట్టుకి రాసుకుంది. ఆ వాసన వచ్చినప్పుడల్లా నాకు గురుబారి గుర్తొస్తుంది. ఇప్పుడు నేను నడుపుతున్న మిషను ఆమె ఎంచినది. బేరమాడి నేను తెచ్చింది ఎప్పుడో పాత ఇనుములోకి పోయింది.

మాది ఘాటు దిగువన శృంగవరపుకోట. నాన్నకి ఇనుప సామాన్ల కొట్టు, బాబాయికి కిరాణా, మేనమామకి బట్టల కొట్టు. పండక్కి అందరం కలిస్తే కబుర్లలో సగం ఎవరు ఎంత తగ్గించి తెచ్చారన్నదే. అలాంటి ఇంట్లో పెరిగి, అరకు వచ్చి రిసార్టుల్లో పచ్చిక బయళ్ళు చూసే కాంట్రాక్టు పెట్టుకున్నాను. నా మొదటి లాన్ రెండెకరాలు, చుట్టూ సిల్వర్ ఓక్ చెట్లు. చలికాలంలో రాత్రంతా ఆకు రాలుతుంది. పర్యాటకులు కాఫీ కప్పులతో బయటికొచ్చే ఎనిమిది గంటలకల్లా లాన్ మీద ఒక్క ఆకు కనబడకూడదని మేనేజరు షరతు. ఆ పని కొండచీపుర్లతో ఆరుగురు ఆడవాళ్ళు చేసేవారు. వాళ్ళకి పెద్ద గురుబారి. యాభై దాటిన మనిషి, ఆరుగురిలోకీ పొట్టి. కొండ అవతలి ఊళ్ళో అరెకరం కాఫీ తోట ఉంది. నన్నూ మేనేజరునీ జిల్లా నుంచి వచ్చిన ఆఫీసర్లనీ అందరినీ నువ్వనే అనేది. నన్ను మాత్రం సావుకారి బాబూ అని పిలిచేది. అందులో మర్యాద ఎంతో ఎగతాళి ఎంతో నాకు ఎప్పుడూ సరిగ్గా తేలలేదు.

డిసెంబరు జనం పెరిగేసరికి ఎనిమిదికి పని తెమలడం మానేసింది. మిషను తేకపోతే కాంట్రాక్టు విశాఖపట్నం కంపెనీకి ఇచ్చేస్తానని మేనేజరు అన్నాడు. నేను దిగి వెళ్ళి, ఇందాక చెప్పిన ఘనకార్యం చేసుకొచ్చాను. అది ఎలా సాధించానో కూడా చెప్పాలి. నడిపి చూపించనక్కర్లేదన్నాను, వెయ్యి తగ్గింది. కొండ మీదికి మనిషిని పంపి బిగించనక్కర్లేదన్నాను, ఇంకో మూడు వేలు. అదనపు సంచి వద్దన్నాను. ఏడాది మరమ్మతూ వద్దన్నాను. ఏది తీసేస్తే ధర తగ్గుతుందో అదంతా తీయించేశాను. చివరికి చక్రాల మీద ఒక ఇంజనూ నా గెలుపూ మిగిలాయి.

మర్నాడు పొద్దున్న ఆరింటికి లాన్ మీద దాన్ని నడిపాను. మంచు కురిసిన సిల్వర్ ఓక్ ఆకు ఒకదాన్నొకటి పట్టుకుని తడిసిన కంబళిలా అయిపోతుంది. అది మిషను గొంతులోకి వెళ్ళి అక్కడే కూర్చుంది. విప్పాలంటే నాలుగు మరలు. విప్పి, తీసి, బిగించి మళ్ళీ నడిపితే ఇరవై అడుగులకి మళ్ళీ అంతే. మూడోసారి వాలులో చక్రాలు జారి, మిషను నన్ను ఈడ్చుకుంటూ బంతిపూల మడిలోకి దిగింది. ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని వరసగా నిలబడి చూశారు. వాళ్ళు నవ్వు ఆపుకోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది. మేనేజరు మేడ మీంచి అంతా చూసి, పది రోజులు గడువిచ్చి లోపలికి పోయాడు.

నేను మడి గట్టు మీద కూర్చుని కొట్టువాణ్ణి తిడుతుంటే గురుబారి దగ్గరకొచ్చింది. మిషను నోట్లోంచి ఆకు ముద్ద లాగి చేతిలో పిండింది. నీళ్ళు కారాయి.

"ఆడినెందుకు తిడతన్నావు? దానికి మన ఆకు సూపించకుండా తెచ్చేసినావు."

నాతో కొట్టుకి వస్తావా అని అడిగాను. ఆకు ముద్ద మడిలో పడేసి, చేతులు చీరకి తుడుచుకుంది. తర్వాత ఒకే ఒక్క మాట అడిగింది.

"ఇప్పుడు ఆరుగురం వత్తన్నాం. మిషనొచ్చినా ఆరుగురమేనా?"

ఆరుగురే అన్నాను. డబ్బు ఖర్చు లేని మాటని నేను వెంటనే ఇచ్చేస్తాను. అది మా వృత్తిలో అలవాటు.

రెండు రోజుల తర్వాత పొద్దున్న బస్సుకి ఆమె నెత్తిన గోనె మూటతో వచ్చింది. అందులో ఉన్నది మా లాన్ మీది ఆకే, పుల్లలతో రాళ్ళతో సహా. కండక్టరు దానికి లగేజీ కొడతానన్నాడు. చెత్తకి టిక్కెట్టేమిటని నేను వాదించి వాదించి, చివరికి కొట్టించుకున్నాను. అసలు కష్టం ఘాటులో తనిఖీ దగ్గర వచ్చింది. కొండ మీంచి గోనె మూటలో ఆకు దిగుతోందంటే పోలీసులు ఏ ఆకు అని అడుగుతారు కదా. బస్సంతా ఆపి మమ్మల్ని దింపారు. కానిస్టేబులు మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికి, వాసన చూసి, చెత్త ఊడ్చి పట్నం ఎందుకు తీసుకెళ్తున్నారని అడిగాడు. నేను లగేజీ టిక్కెట్టు తీసి చూపించాను. గురుబారే చెప్పింది.

"మిషనుకి తినిపించడానికి బాబూ. తింటాదో తినదో సూడకుండా కొంటే మా సావుకారికి ఆసారి దెబ్బడిపోయింది."

కానిస్టేబులు నా వైపు చూసిన చూపులో జాలి ఉంది. శృంగవరపుకోటలో బస్సు ఆగినంతసేపూ, నాన్న కొట్టు ఉన్న వైపు కిటికీ తలుపు దించేసి కూర్చున్నాను.

విశాఖపట్నంలో ఈసారి వేరే కొట్టుకి వెళ్ళాం. సేల్సు కుర్రాడు కాగితం ముక్కలు నేల మీద చల్లి మిషను పెట్టాడు. చిటికెలో అన్నీ మాయం. బాగుందా అమ్మా అన్నాడు. గురుబారి మూట విప్పి, ఆకునంతా కొట్టు ముందర గుమ్మరించింది. చెంబుడు నీళ్ళు అడిగి చిలకరించి, కాలితో అణిచింది.

"మా కాడ రేత్రి మంచు ఇలాగుంటాది. ఇప్పుడెట్టు."

చక్రాల మిషను నిమిషంలో గొంతు పట్టేసింది. నాకు పాత స్నేహితుణ్ణి చూసినట్టుంది. రెండోది, వీపుకి తగిలించుకునేది, ఆకుని బాగానే పీల్చింది. గురుబారి దాన్ని తగిలించుకుని కొట్టు మేడ మెట్లెక్కి దిగింది. బరువు, అని పక్కన పెట్టేసింది. మూడోది భుజానికి వేలాడేసుకునే చిన్నది, ఆకుని లోపల పొడి చేసి సంచిలో పోసేది. అదీ కాసేపటికి ఆగిపోయింది. ఇంక తిరుగు ప్రయాణమే అనుకున్నాను. ఆమె మాత్రం అప్పుడే ముందుకి వంగింది.

"ఆగిపోనీ. అన్నీ ఆగుతాయి. ఇరుక్కుంటే ఏ సేత్తో తియ్యాలి, అది సూపించు."

కుర్రాడు ఇంజను ఆపి, ఒక క్లిప్పు నొక్కి, మూతి విప్పి, ముద్ద లాగి, మూసేశాడు. మరలు లేవు. తర్వాత ఆమె చేసింది, ఒకసారి కాదు, మూడుసార్లు. ఇదే అంది.

నేను నోరు తెరిచాను. యాభై రెండు వేలు చెప్పినదానికి నోరు తెరవకపోతే మా వంశం ఊరుకోదు. ఆమె మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా అంది.

"తగ్గించమను. కానీ ఆడేటి తీసేసి తగ్గిత్తాడో అది ముందర అడుగు."

అడిగాను. మరమ్మతు తీసేస్తాడట. నోరు మూసుకుని పూర్తి డబ్బు కట్టాను. పరువు కోసం మాత్రం ఒక జత చేతి తొడుగులు ఉచితంగా పట్టాను.

ఆ సీజను ఎనిమిదికి పావుగంట ముందే లాన్ శుభ్రమయ్యేది. ఒకరు మిషను, మిగతావాళ్ళు మూలలూ పూలమళ్ళూ. సంచిలోని ఆకుపొడిని శుక్రవారం ఆరు గోనెల్లోకి సమానంగా పంచుకుని, కాఫీ మొక్కల మొదళ్ళకి తీసుకుపోయేవారు. మేనేజరు నాకు రెండో లాన్ కూడా ఇచ్చాడు.

మరుసటి ఏడు నాలోని కొట్టువాడు నిద్రలేచాడు. మిషను ఇద్దరి పని చేస్తోంది కదా, ఆరుగురెందుకు? నలుగురు చాలని గురుబారితో చెప్పాను. ఇచ్చిన మాట ఆమె గుర్తు చెయ్యలేదు. ఏ ఇద్దర్ని తియ్యాలో అడిగింది. ఆ మాట నా నోటితో అనడం ఇష్టంలేక, నువ్వే చెప్పమన్నాను. సరే బాబూ అంది. అప్పటి నుంచి రోజూ నలుగురే వచ్చేవారు. నేను ఆ వేళ రెండో లాన్ దగ్గర ఉండేవాణ్ణి. వారం వారం నలుగురి కూలి ఆమె చేతికిచ్చేవాణ్ణి. పని బాగానే సాగింది.

ఫిబ్రవరిలో మిషను సర్వీసుకి ఇవ్వబోతూ పట్టీ చూశాను. దాని మీద పొడుగునా రంగుదారాల ముళ్ళున్నాయి. ఎవరి ఎత్తుకి పట్టీ ఎంత లాగాలో గుర్తు. అందరికంటే పైన ఎర్రది, పొట్టి గురుబారిది. లెక్కపెట్టాను. ఆరు. నీలం ముడి కొత్తగా, నలగకుండా ఉంది. అది, కూలి ఇచ్చే రోజుల్లో కనబడక, తీసేసినవాళ్ళలో ఉందని నేను అనుకున్న పిల్లది. ఆరా తీస్తే తెలిసింది, వాళ్ళు రోజుకి నలుగురు చొప్పున వంతులేసుకుని వచ్చి, నలుగురి కూలిని ఆరుగురు పంచుకున్నారు. నవంబరు నుంచీ. గురుబారీ అందరితోపాటే తన వంతుకి పని మానింది.

ఎందుకు చెప్పలేదని అడిగితే ఆమె చీపురు ఆపకుండానే అంది. "నన్నే సెప్పమన్నావు గదా. ఎవల్ని సెప్తాను?"

మర్నాటి నుంచి ఆరుగురూ రావాలన్నాను. వచ్చారు. పోయిన రోజుల కూలి లెక్కకట్టి తీసుకెళ్తే గురుబారి తీసుకోలేదు. "సెయ్యని రోజుకి కూలేటి బాబూ?" అంది. అందులో కోపం లేదు. కోపం ఉంటే బేరానికి ఎక్కడో పట్టు దొరికేది.

ఆమె పోయి రెండు వానలైంది. ఇప్పుడు ఆమె కోడలు వస్తుంది, పొడగరి, ఆకుపచ్చ దారం. ఎర్రముడి దాకా పట్టీ ఎవరూ లాగరు, ఎవరూ విప్పరు కూడా. నేను ఏ మిషను చూడ్డానికి వెళ్ళినా మూట కట్టుకుని వెళ్తాను. తనిఖీ దగ్గర కానిస్టేబుళ్ళు మారుతున్నారు గాని, ఆ జాలి చూపు మారలేదు.

ఇక బిల్లు. మొదటి మిషను ముప్పై ఆరు వేలు. పాత ఇనుము కింద నాలుగు వేలొచ్చాయి. రెండోది యాభై రెండు వేలు, ఇంకా నడుస్తోంది. తొడుగులు ఉచితం. ఆకు మూటకి లగేజీ టిక్కెట్టు ఒకటి, దాచుకున్నాను. ఇద్దరి కూలి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఆ ఏడు పుస్తకంలో మిగులు కింద రాసుకున్నాను. ఇక్కడ దాన్ని కొట్టేస్తున్నాను. అది మిగులు కాదు. ఆరుగురు ఆడవాళ్ళ దగ్గర, వాళ్ళని అడగనైనా అడగకుండా నేను పట్టిన తగ్గింపు.